సత్తెమ్మ వదిన ఓడెక్కిన రోజు

దయ్యాలు లేవని పిల్లలకు చెప్పి బతికినదాన్ని నేను. ఉప్పల్ బడిలో చేరిన కొత్తలో, ఒక పిల్ల రేగిచెట్టు కింద ఏదో చూశానని జ్వరం తెచ్చుకుంటే, తరగతి మొత్తాన్ని ఆ చెట్టు కిందే కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పించాను. చివరికి అందరం రేగుపళ్ళు తిని వచ్చాం. ఇప్పటికీ నా మాట అదే. ఇది చదివి, టీచరమ్మ కూడా మా దారికి వచ్చిందని ఎవరైనా సంబరపడితే, ఆ సంబరం వాళ్ళ దగ్గరే ఉంచుకోవాలి. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతవరకే.

అరవైల చివరి సంగతి ఇది. మా ఆయన నర్సింహ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మా ఇల్లు నాచారం పాత ఊళ్ళో. అప్పుడప్పుడే ఊరి పొలాల్లో ఫ్యాక్టరీల గోడలు లేస్తున్నాయి. ఇంట్లో మేం ముగ్గురమే. ఆయన, నేను, ఆయన అక్క సత్తెమ్మ.

సత్తెమ్మ వదినకు చిన్నతనంలోనే పెళ్ళయింది, చిన్నతనంలోనే మొగుడు పోయాడు. పుట్టింటికి తిరిగొచ్చేసరికి తల్లి లేదు, తమ్ముడు పసివాడు. ఉప్పల్ ద్రాక్షతోటల్లో కూలికి పోయి తమ్ముణ్ణి సాకింది, చదివించింది. అలాంటి మనిషి మా పెళ్ళిలో పందిట్లోకి రాలేదు. నేను కొత్తకోడలిగా గడప దాటుతుంటే ఆమె వెనక అర్రలో తలుపు మూసుకుని కూర్చుంది. ఎదురు రాకూడదట. ఆ కట్టుబాట్లన్నీ కనిపెట్టుకుని చూసేది మా ఆయన చిన్నాయన మల్లయ్య. నాకు చిన్నమామ వరస. చెడ్డవాడు కాదు. కానీ అదొక్క విషయంలో రాయి.

రైల్వేవాళ్ళకు పాసు ఉంటుంది. బొంబాయి దాకా రైల్లో పోయి, అక్కణ్ణించి గోవాకు స్టీమరులో పోవచ్చని, ఒక పగలంతా సముద్రం మీదే గడుస్తుందని వర్క్‌షాపులో ఎవరో మా ఆయనకు చెప్పారు. ఆ మాట ఇంట్లో అనగానే నాకంటే ముందు వదిన కళ్ళు మెరిశాయి.

“సముద్రం మన కాప్రా చెరువుకన్న పెద్దగుంటదా?” అంది.

“దానికి అవతలి గట్టు కనిపించదు వదినా.”

“గట్టే లేకపోతె నీళ్ళెట్ల ఆగుతయే?”

ముగ్గురం నవ్వుకున్నాం. ముగ్గురం పోదామనుకున్నాం.

సంగతి తెలిసి చిన్నమామ వచ్చాడు. వాకిట్లో నిలబడే, వదిన వినేలాగే అన్నాడు. “ముండమోసిన ఆడిదాన్ని ఎంటేసుకొని షికారుకు పోతరారా? నలుగురేమంటరు?”

వదిన నా వైపు తిరిగి, “మీరిద్దరు పోయి రాండ్రి. నాకెందుకే నీళ్ళు, ఇంటెనక బాయి లేదా?” అంది. ఆమె రానిదే మేమూ పోమన్నాం. ఆ ఏడు పాసు వాడనే లేదు. వానాకాలంలో వదినకు కామెర్లు వచ్చాయి. దవాఖానాకు తీసుకుపోయాం గానీ మనిషి దక్కలేదు.

సంవత్సరికం అయ్యాక నేనే కదిలించాను, పోదామని. చిన్నమామ మళ్ళీ వచ్చాడు. చావు జరిగిన ఇంట్లో అప్పుడే షికార్లేమిటన్నాడు. నాకు మండిపోయింది.

“పోయినేడు ఆమె ఉన్నదని వద్దన్నరు. ఈయేడు ఆమె లేదని వద్దంటున్నరు. ఇగ ఎప్పుడు పోవాలె మామా?” అన్నాను. ఇంటి కోడలు ఆయనతో అట్లా మాట్లాడటం అదే మొదలు. ఆ వారమే బయల్దేరాం.

బొంబాయి రేవులో స్టీమరు పొద్దున్నే కదులుతుంది. మాది పై డెక్కు, అంటే గదులేవీ ఉండవు, ఎవరి దుప్పటి వాళ్ళు పరుచుకుని కూర్చోవడమే. ఒకటే తోపులాట. నిచ్చెనమెట్ల దగ్గర టికెట్లు చూసే మనిషి మమ్మల్ని ఆపి, మా ఆయన ముందు మూడు వేళ్ళు చూపించి, “తీన్?” అన్నాడు. “దో” అన్నాడీయన. ఆ మనిషి మా వెనక్కి ఒకసారి చూసి, ఏదో గొణుక్కుని పొమ్మన్నాడు. గుంపులో లెక్క తప్పిందనుకున్నాం. ఎవరైనా అట్లాగే అనుకుంటారు.

ఆ పగలు ఎంత హాయిగా గడిచిందో చెప్పాలి. ఎందుకంటే తర్వాత జరిగినదానికి మా మనసు బాగాలేకపోవడం కారణమని కొందరు అన్నారు. మా మనసు అంత బాగా అంతకు ముందెప్పుడూ లేదు. రేవు వెనకబడ్డాక గాలి మారింది. ఎడమ వైపు దూరంగా కొండలు, కుడి వైపు ఏమీ లేదు, నీళ్ళే. పొయ్యి రాజేసే పని లేదు, బడి గంట లేదు. నేను జడ విప్పి గాలికి వదిలేశాను. పెళ్ళయినప్పటి నుంచి పట్టపగలు ఈయన వెల్లకిలా పడుకోవడం నేను చూడలేదు. ఆ రోజు పడుకున్నాడు. పడుకుని డెక్కుకు చెవి ఆనించి కింద ఇంజను చప్పుడు విన్నాడు. “బేరింగు మంచిగనే ఉన్నది” అని భరోసా ఇచ్చి, మొహం మీద తువ్వాలు వేసుకుని నిద్రపోయాడు. లేచాక కట్టుకొచ్చిన సర్వపిండి తిన్నాం. నీళ్ళల్లోంచి పెద్ద చేపలు వీపులు చూపిస్తూ కొంతదూరం మాతో వచ్చాయి. ఇద్దరం చిన్నపిల్లల్లా కేకలు పెట్టాం.

ఆ తర్వాత టీ అమ్మే మనిషి వచ్చాడు. రెండు అడిగితే మూడు పోశాడు. ఎవరికని అడిగితే గడ్డంతో ఓడ అంచున ఉన్న కమ్మీ వైపు చూపించాడు. “ఆ బాయికి” అన్నాడు హిందీలో, ఆ ఆడమనిషికి అని. అక్కడ చాలామంది నిలబడి ఉన్నారు. మావాళ్ళెవరూ లేరన్నాను. అతను నన్ను వింతగా చూసి మూడో కప్పు వెనక్కి తీసుకున్నాడు.

మా పక్కన చాప వేసుకున్న ఒకావిడ ఇదంతా చూస్తోంది. పెద్దావిడ, మరాఠీ మనిషి, కాసె పోసి చీర కట్టింది. రత్నగిరిలో దిగుతానని, అక్కడ కూతురు ఉందని పొద్దున్నే చెప్పింది. ఆమెకు వచ్చిన హిందీ, నాకు వచ్చిన ఉర్దూ కలిపి మాట్లాడుకుంటున్నాం. ఆమె నన్ను కోప్పడింది. “మీ మనిషే కదా, ఎందుకు కాదంటావు? పొద్దుటి నుంచి కూర్చోకుండా, తినకుండా అక్కడే నిలబడింది. చిన్నపిల్లలా ఒకటే నవ్వు” అంది.

ఎట్లా ఉందని అడిగాను. పొట్టి మనిషి, గడ్డం మీద పచ్చబొట్టు చుక్కలు, మోచేతుల దాకా ఆకుపచ్చ గాజులు అని చెప్పింది.

నేను లేచి కమ్మీ దాకా వెళ్ళాను. అక్కడున్న ఒక్కొక్క మొహం చూసుకుంటూ నడిచాను. అట్లాంటి మనిషి లేదు. గడ్డం మీద చుక్కలు మా ఊళ్ళల్లో సగం మంది ఆడవాళ్ళకు ఉంటాయి. మేం ఏ ప్రాంతంవాళ్ళమో మాటను బట్టి ఆమెకు తెలిసి ఉంటుంది. వదినకు గాజులు లేనే లేవు, మొగుడు పోయినప్పుడే పగలగొట్టారు. ఇట్లా ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వెనక్కి వచ్చాను. ముసలావిడకు మతి కాస్త అటూ ఇటూ అయి ఉంటుందని తేల్చుకున్నాను కూడా.

అప్పుడామె అడిగింది. “నర్సిగ అంటే మీ భాషలో ఏమిటి? నీ మొగుడు నిద్రపోతుంటే ఇక్కడికొచ్చి వంగి, రెండు మూడుసార్లు ఆ మాటే అని వెళ్ళింది.”

మా ఆయన చేతిలో టీ కప్పు ఉంది. అది అట్లాగే ఉండిపోయింది.

నర్సిగ అని ఆయన్ని పిలిచింది లోకంలో ఒక్కతే. చిన్నమామకు ఆయన నర్సింహ, వర్క్‌షాపులో నర్సింగ్. మా తరంలో మొగుణ్ణి పేరు పెట్టి పిలిచే అలవాటు లేదు కాబట్టి ఆ రోజు ఓడ మీద ఆ పేరు ఏ రూపంలోనూ నా నోటి నుంచి రాలేదు. ఆయన లేచి కమ్మీ దగ్గరికి పోయాడు. రెండు చేతులూ ఇనుపకడ్డీ మీద పెట్టి నిలబడ్డాడు. పక్కన ఒక మనిషికి పట్టేంత చోటు ఖాళీగా ఉంది. అంత రద్దీలో ఆ చోట్లోకి ఎవరూ రాలేదు. చాలాసేపటికి తిరిగొచ్చాడు. ఏమిటని అడిగితే, “గాలి మస్తుగున్నది” అన్నాడు, అంతే.

పొద్దు వాలుతుండగా రత్నగిరి వచ్చింది. ఒడ్డు దాకా పోదు స్టీమరు, దిగేవాళ్ళ కోసం పడవలు వస్తాయి. ముసలావిడ మూట కట్టుకుంది. వాళ్ళలో ముత్తయిదువలకు బొట్టు పెట్టి సెలవు తీసుకోవడం అలవాటట. కొంగున కట్టుకున్న కుంకుమ భరిణె తీసి నా నుదుట పెట్టింది. తర్వాత కమ్మీ దగ్గరికి నడిచింది. నేను కళ్ళారా చూసింది ఇదొక్కటే, అందుకే జాగ్రత్తగా చెబుతున్నాను. ఆమె భరిణెలో వేలు ముంచి, ఎదురుగా ఎవరో ఉన్నట్టు, తన భుజమంత ఎత్తులో చేయి చాచి బొట్టు దిద్దింది. వదిన నుదురు సరిగ్గా అంతే ఎత్తు. తెల్లటి రంగు వేసిన కమ్మీ, తెల్లటి గోడ. గాలి నా కొంగును నిలవనివ్వడం లేదు. ఆ గాలికి కుంకుమ ఎగిరి ఎక్కడో ఒకచోట పడాలి. ఆమె దిగిపోయాక నేను వంగి వంగి వెతికాను. ఎక్కడా ఎర్రటి మరక లేదు.

గోవాలో ఉన్నన్నాళ్ళు మేమిద్దరం ఈ మాట ఎత్తలేదు. నాచారం వచ్చాక నేనే నోరు జారాను. పక్కింటామెకు చెప్పాను. అది ఊరంతా తిరిగి చిన్నమామను చేరింది. ఒక ఆదివారం పొద్దున ఆయన ఒక మంత్రగాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. వాడి చేతిలో మట్టిముంత, ఎర్రగుడ్డ, నిమ్మకాయలు ఉన్నాయి.

“అది మీ ఎంటబడ్డది బిడ్డా” అన్నాడు చిన్నమామ. ఆయన గొంతులో కోపం లేదు, నిజమైన భయం ఉంది. “ఇంటికి అరిష్టం. నీ కడుపు పండనియ్యది. ఈయన దాన్ని పట్టి ముంతల బిగించి పాతిపెడ్తడు. జర పక్కకు జరుగు.”

అప్పటికి మాకు పిల్లలు లేరు. ఆ మాట నాకు తగలలేదంటే అబద్ధం. అయినా గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టాను.

“బతికినన్నాళ్ళు అర్రల బెట్టిన్రు. ఇగ సచ్చినంక ముంతల బెడ్తరా?” అన్నాను. “నాకు దయ్యాల మీద నమ్మకం లేదు మామా. దయ్యాలే లేకపోతె ఇంట్ల ఏం లేదు, మీకు పనే లేదు. ఒకవేళ ఉన్నదే అనుకుందాం. ఉంటె ఆమె నా వదిన. ఆమె ఇంటికి ఆమె రాదా? ఎవ్వడు ఆపేటోడు?”

మంత్రగాడు ఏదో అనబోయాడు. అప్పటిదాకా వెనక నిలబడి ఉన్న మా ఆయన ముందుకొచ్చాడు. చిన్నాయన ముందు ఆయన గొంతు లేపడం నేనెప్పుడూ వినలేదు, ఆ రోజూ లేపలేదు.

“చిన్నాయనా, ఓడ మీద నా పక్కన గాజుల సప్పుడు ఇన్న” అన్నాడు. “కమల్‌కు గూడ చెప్పలే” అని నన్ను చూపించాడు. “అక్క గాజులు పగలగొట్టిన నాడు నేను ఆమె ఒళ్ళో ఉన్ననని నువ్వే అంటుంటివి గద. మల్ల ఏసుకున్నది. మల్ల తీయించనియ్య. ఈయన్ని దీస్కపో.”

చిన్నమామ తన అన్న కొడుకు మొహంలోకి చూశాడు. తర్వాత భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయాడు. మంత్రగాడు ఆయన వెనకాలే పోయాడు. ముంత మా అరుగు మీదే మర్చిపోయాడు. దాన్ని కడిగి కోళ్ళకు నీళ్ళు పెట్టాను.

ఏ అరిష్టమూ రాలేదు. కొన్నాళ్ళకు మాకు కూతురు పుట్టింది. దానికీ దీనికీ ఏ సంబంధమూ అంటగట్టవద్దని అప్పుడే అందరికీ చెప్పాను, ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

మా బడిలో లెక్కల మాస్టారు ఒకాయన దీనికి కారణాలు వెతికాడు. ఎండ, అలసట, దుఃఖం అన్నాడు. దుఃఖం మాది, నిజమే. టీ అమ్మేవాడికి ఏం దుఃఖం? టికెట్లు చూసేవాడికి? ఆయన దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. లేనప్పుడు లేదని ఒప్పుకోవడమే నేను పిల్లలకు నేర్పింది. తెలియని చోటల్లా తాయెత్తు కట్టమని నేర్పలేదు.

చిన్నమామ మంచం పట్టిన రోజుల్లో నేను గంజి తీసుకుపోతే ఒకసారి మెల్లగా అడిగాడు. “నిజం జెప్పు బిడ్డా. నువ్వు సత్తెమ్మను జూసినవా?”

“లేదు మామా. నేను చూడలే.”

“చూడకనే గట్ల అడ్డం నిలవడితివా?”

అవునన్నాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. తర్వాత గంజి మొత్తం తాగాడు.