మారుదుత్ అక్కలు

మలేషియాలోని పెనాంగ్‌లో మారుదుత్ సినాగా ఆసుపత్రి వ్యాను నడిపేవాడు. ఇండోనేషియాలోని మేదాన్ నుంచి వైద్యానికొచ్చే తన బతక్ తెగవాళ్లను విమానాశ్రయంలో ఎక్కించుకోగానే ముందు ఇంటిపేరు అడిగేవాడు. కూతురు లస్మాతో వచ్చిన తియుర్మా తన పుట్టింటివాళ్లు సినాగాలని చెప్పగానే, "అయితే నువ్వు నాకు అక్కవే" అన్నాడు.

మర్నాడు గుండె ఆపరేషన్. తియుర్మా స్ట్రెచర్ ఎక్కనని మొండికేసింది. తోడబుట్టినవాడు ఉలోస్ వస్త్రం భుజాల చుట్టూ కప్పితేనే ప్రాణం ఒంట్లో నిలుస్తుందని వాళ్ల నమ్మకం. ఆమె తమ్ముడికేమో పాస్‌పోర్టు రాలేదు. ఇంక ఆగితే ప్రమాదమంటున్నారు డాక్టర్లు. లస్మా ఏడుస్తూ మారుదుత్‌కు ఫోన్ చేసింది.

అతను రాగానే నర్సు అడ్డుపడింది.

"బంధువులైతేనే లోపలికి."

"తమ్ముణ్ణమ్మా."

"పోయిన వారం ఇంకొకావిడకీ తమ్ముణ్ణే అన్నారుగా!"

"ఏం చేయను, మాకు అక్కలెక్కువ."

నర్సు నవ్వి తలుపు వదిలింది. అతను వెంట తెచ్చిన ఉలోస్ విప్పాడు. తియుర్మా భుజాల చుట్టూ కప్పి, గట్టిగా అదిమి పట్టుకున్నాడు.

"అక్కా, మన పుట్టింటి తరఫున కప్పుతున్నాను. ప్రాణం జారనీయకు."

"ఇంతసేపా రావడానికి?" అని కసిరింది తియుర్మా. కసిరి, తనే స్ట్రెచర్ ఎక్కింది.

లస్మా నిన్నటిదాకా ముఖమెరుగని మనిషిని "మామయ్యా" అని పిలిచింది.

మొన్న వానల్లో మారుదుత్ పోయాడు. తియుర్మా కూతురి చెయ్యి పట్టుకుని సముద్రం దాటి వచ్చింది. శవపేటిక చుట్టూ అప్పటికే ఎందరో ముసలమ్మలు, ఒకరికొకరు తెలియనివాళ్లు, ఉలోస్‌లు కప్పుకుని నిలబడి ఉన్నారు. అందరూ అతన్ని "తమ్ముడూ" అనే పిలుస్తున్నారు.