మేకకూ కుర్చీ వేసిన ప్రోగ్రాము

ప్రొద్దుటూరులో ఈ కథను ఇప్పటికీ అందరూ ఒకేలా చెబుతారు. బట్టల అంగడి మీద ఉన్న కంప్యూటర్ సెంటరుకు జమ్మలమడుగు పక్క పల్లె నుంచి ఒక పెద్దమనిషి బాంబుల సంచితో జీపులో వచ్చాడట. ఈసారి గెలిచేది అవతలాయనేనని కంప్యూటరు జోస్యం చెప్పిందట. దాంతో ఆయన పార్టీ మార్చేశాడట. అట్లా చెప్పించింది అవతలి వాళ్లతో లోపాయికారీగా మాట్లాడుకున్న ఒక టీచరమ్మట.

ఆ టీచరమ్మను నేనే. ఈ కథను నా ముందే నాకు చెప్పినవాళ్లున్నారు. కాదంటే, నీకేం తెలుసు అన్నట్టు చూస్తారు.

ముందు సంచి సంగతి తేలుస్తాను. అందులో ఉన్నవి చెనిక్కాయలు, అదే వేరుశనగ. నేను తిన్నాను కాబట్టి నాకు తెలుసు. బాంబులను ఎవరూ ఉప్పేసి ఉడకబెట్టరు.

ఇక జోస్యం. ఫ్యాక్షన్ జోరుగా ఉన్న ఆ రోజుల్లో మా సెంటరులో పెర్ల్ నేర్పేదాన్ని. పెర్ల్ అంటే కంప్యూటరుకు పని చెప్పే భాషల్లో ఒకటి. ఊరంతా వేరే కోర్సుల వెంట పడుతుంటే మాకు పెర్ల్ ఎందుకంటే, మా ఓనరు బెంగళూరు ఫుట్‌పాత్ మీద కొన్న పుస్తకం అది. ఇంకో పుస్తకం దొరికి ఉంటే ఇంకోటి నేర్పేవాళ్లం. పుస్తకాన్ని బట్టి కోర్సు, కోర్సును బట్టి బోర్డు.

కొత్తగా వచ్చినవాళ్లు చేసే తప్పులన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. వాక్యం చివర సెమికోలన్ పెట్టరు. పెట్టలేదని కంప్యూటరు చెబితే, "మాకు అర్థమైతాంది గదా, దానికేం రోగం" అంటారు. ప్రోగ్రాములో వాడే ప్రతి పేరు ముందూ డాలర్ గుర్తు పెట్టాలంటే, వాళ్లన్న కువైట్లో ఉన్న ఒక విద్యార్థి దినార్ గుర్తు పెడితే పని చేయదా అని అడిగాడు. అన్నిటికన్నా పెద్ద తప్పు హెచ్చరికల మీట వాడకపోవడం. ప్రోగ్రాము మొదట్లో చిన్న గుర్తు పెడితే, ఎక్కడ అనుమానం వచ్చినా పెర్ల్ ముందే హెచ్చరిస్తుంది. ఎంత చెప్పినా ఎవరూ పెట్టేవాళ్లు కాదు. అది ఊరికే తిడతాందని వాళ్ల ఫిర్యాదు. మా సీమలో హెచ్చరికకు విలువ అంతే. బస్సు ఫుట్‌బోర్డు మీద నిలబడవద్దని ఎక్కడ రాసి ఉంటే సరిగ్గా అక్కడే నిలబడతాం.

ఆ బ్యాచిలో ఒక కోడలు పిల్ల ఉండేది. డిగ్రీ చదివింది. జమ్మలమడుగు అవతల, పెద్దముడియం పక్క పల్లెలో మెట్టింది. ఆమె మామ ఆ చుట్టుపక్కల వాళ్లంతా పెద్దాయన అని పిలిచే నాయకుడికి కుడిభుజం. భర్త అన్నానికి తప్ప నోరు తెరిచేవాడు కాదు కాబట్టి ఇంట్లో మాటంతా మామదే. ఎన్నికలు దగ్గరపడుతుంటే, ఆడపిల్ల రోజూ బస్సెక్కి పోయి ఏం వెలగబెడుతోందని ఆయనకు అనుమానం వచ్చింది. స్వయంగా వచ్చి చూస్తానన్నాడు. ఇంటికి అక్కరకొచ్చేది ఏదైనా నేర్చుకుని ఉంటే సరి, లేదంటే మరుసటి రోజు నుంచి బస్సు బంద్.

"ఈడికి రాకపోతే ఇంగ నా బతుకు కార్యకర్తలకు చట్నీ నూరేదే మేడమ్," అంది ఆ పిల్ల. ఏడవలేదు. చట్నీ అన్నప్పుడు మాత్రం పళ్లు కొరికింది.

నీ ఇంట్లో రోజూ జరిగే పనిని ప్రోగ్రాముగా రాయి అని ప్రతివాళ్లకూ చెప్పేదాన్ని. ఆమె ఇంట్లో రోజూ జరిగేది గేటు దగ్గర విచారణ. వచ్చినవాడు మనవాడా, అవతలివాడా? అదే రాసింది. కంప్యూటరు పేరు అడుగుతుంది. పెద్దాయన పేరు కొడితే "రాన్నా, కూర్చో" అంటుంది. ఇంకే పేరు కొట్టినా "ఎవరు నువ్వు? గేటు కాడే ఉండు" అంటుంది. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో. పెద్దాయన పేరు కొట్టి చూశాం, పని చేసింది. అంతటితో నేనూ సంతోషించి ఊరుకున్నాను.

చెప్పిన రోజున మామ ఇద్దరు మనుషులతో, పైన చెప్పిన చెనిక్కాయల సంచితో మెట్లెక్కాడు. తెల్ల చొక్కా, తెల్ల పంచె. కుర్చీ వేస్తే, దానికి చక్రాలున్నాయని నమ్మకం కుదరక గోడకు ఆనించి కూర్చున్నాడు. కోడలు పెద్దాయన పేరు కొట్టింది. తెర మీద "రాన్నా, కూర్చో" అని వచ్చింది. ఆయన మనుషులు కంప్యూటరుకు దండం పెట్టినంత పని చేశారు.

మామ తలూపాడు. కుర్చీని జాగ్రత్తగా ముందుకు లాక్కుని, ఒక్క వేలితో, పెద్దాయనకు పోటీ నిలబడ్డ అవతలాయన పేరు కొట్టాడు.

"రాన్నా, కూర్చో" అంది కంప్యూటరు.

గదిలో చెనిక్కాయలు నమిలే చప్పుడు ఆగిపోయింది. కోడలి మొహం సున్నం కొట్టిన గోడలా అయింది. నేను తొంగిచూసేసరికి తప్పు దొరికింది, కొత్తవాళ్లు నూటికి తొంభైమంది చేసే తప్పే. రెండు పేర్లు ఒకటేనా అని అడగడానికి ఆమె రెండు సమానం గుర్తులు పక్కపక్కన పెట్టింది. పెర్ల్‌లో ఆ గుర్తులు అంకెలను పోల్చడానికి. పేర్లకు ‘ఈక్యూ’ అని రాయాలి. పేర్లిచ్చి అంకెల్లా పోల్చమంటే అది పేర్లలో అంకె కోసం వెతుకుతుంది, దొరక్కపోతే సున్నా అనుకుంటుంది. ఈయనా సున్నా, ఆయనా సున్నా. సున్నా సున్నాకు సమానం.

ఇదంతా మనసులో అనుకుని ఊరుకోవలసింది. నేనేమో టీచరును, నోరు ఊరుకోదు. పైకే చెప్పేశాను.

"అంటే మా అన్న సున్నా అంటావామ్మా?" అన్నాడు మామ, మెల్లగా.

"ఆయన ఒక్కడే కాదప్పా. మీరూ సున్నానే, నేనూ సున్నానే. దాని లెక్కలో పేరున్న ప్రతివాడూ సున్నానే."

ఆయన నమ్మలేదు. తన పేరు కొట్టించాడు. రాన్నా, కూర్చో. నా పేరు కొట్టించాడు. నన్నూ అన్నా అంది. వచ్చినవాళ్లలో ఒకడికి హుషారెక్కి, మేక అని కొట్టమన్నాడు. మేకకూ కుర్చీ వేసింది. వాడు పగలబడి నవ్వి, మామ మొహం చూసి, నవ్వును దగ్గుగా మార్చుకున్నాడు.

కోడలు ఆ గుర్తులు చెరిపి ‘ఈక్యూ’ పెట్టింది. మళ్లీ పెద్దాయన పేరు కొట్టింది.

"ఎవరు నువ్వు? గేటు కాడే ఉండు."

ఇందాక మేకను కూర్చోబెట్టిన యంత్రం ఇప్పుడు పెద్దాయన్నే గేటు బయట నిలబెట్టింది. మనుషులిద్దరూ లేచి నిలబడ్డారు. ఎవరిని కొట్టాలో తెలియక మానిటరు వైపు చూశారు. మా ఓనరు ఏదో పనున్నట్టు కిందికి దిగిపోయాడు.

ఇది రెండో మామూలు తప్పు. పేరు కొట్టి ఎంటర్ నొక్కితే ఆ ఎంటర్ కూడా తోకలా పేరుకు అంటుకుని లోపలికి వస్తుంది. దాన్ని ‘ఛాంప్’ అనే మాటతో కత్తిరించాలి. క్లాసులో చెప్పినట్టు చెబితే ఈయనకు ఎక్కదని నాకు తెలుసు.

"మీ పెద్దాయన యాడికైనా ఒక్కడే వస్తాడా అప్పా?"

"ఎందుకొస్తాడు? ఎనకాల జీపు ఉంటాది గదా."

"అదే. పేరు ఎనకాల జీపొచ్చింది. పేరునూ జీపునూ కలిపి చూసి, ఇది మనకు తెలిసిన మనిషి కాదు అంటాండాది. జీపును బయట నిలబెట్టమని చెప్తే మనిషిని గుర్తుపడతాది."

నేను చదువు చెప్పిన ఇన్నేళ్లలో ‘ఛాంప్’ను అంత తొందరగా అర్థం చేసుకున్న మనిషి ఇంకొకరు లేరు. "నిలబెట్టు మరి," అన్నాడు కోడలితో. ఆమె ఒక్క లైను చేర్చింది. పెద్దాయన పేరు కొడితే రాన్నా అంది, అవతలాయన పేరు కొడితే గేటు కాడే ఉండమంది, మేకను బయటికి తోలేసింది.

మామ మాత్రం చెనిక్కాయ తొక్కను గోటితో గీరుతూ తెరను చూశాడు. చివరికి అన్నాడు:

"ముందరిదే బాగుంది. అదే ఉండనీ."

"అది తప్పు కదా మామా," అంది కోడలు.

"తప్పేముందమ్మే? ఎలక్షన్లు వస్తాండాయి. వచ్చినోడినల్లా కూర్చోమనేదే మంచిది. గేటు కాడ నిలబెట్టినోడు రేపు గెలిస్తే, నిలబడేది మనం." లేచి, పంచె సర్దుకుని, నా వైపు తిరిగాడు. "పిల్లకు శానా తెలివుంది టీచరమ్మా. నేర్పియ్యి."

అంతే జరిగింది. ఎన్నికలకు ముందు ఆయన పార్టీ మారాడు. ఆయన చేరిన వైపే గెలిచింది. ఊరు మాత్రం కంప్యూటరు చెప్పింది కాబట్టి మారాడంటుంది. మేకకూ నాయకుడికీ తేడా తెలియని యంత్రానికి గెలుపోటములు ఎట్లా తెలుస్తాయయ్యా అంటే, వినరు.

ఆ పిల్ల కోర్సు ముగించింది. ఆ తర్వాత ఇంకో రెండు నేర్చుకుంది. ఇప్పుడు పులివెందులలో సొంత సెంటరు నడుపుతోంది, హెచ్చరికల మీట పెట్టని పిల్లలను నాకన్నా ఎక్కువ తిడుతుంది. వాళ్ల మామ ఈమధ్య ఒక పెళ్లిలో కనిపించాడు. నేను నోరు తెరవగానే చెవులు వినపడవన్నాడు. పక్క బంతిలో పాయసం వడ్డిస్తున్నారని ఎవరో గుసగుసలాడితే మాత్రం వినపడింది.

నేను అడగబోయింది పార్టీ సంగతి కాదు. అది ఆయన ఇష్టం. ఆ పిల్ల పాస్ అయింది తప్పు ప్రోగ్రాముతో, అదీ ఆ ఏడు ఆయన మనసు గోడ మీది పిల్లిలా ఉంది కాబట్టి. ఆయన మనసు నిలకడగా ఉన్న ఏడు అయ్యుంటే, సరిగ్గా పనిచేసే ప్రోగ్రాము చూసి, సరే తెలిసింది కదా ఇంక చాలు, పోయి చట్నీ నూరు అనేవాడా, లేక మరుసటి పొద్దున బస్సు ఎక్కనిచ్చేవాడా?