చిట్కుల్ అక్క గుప్పిట

పటాన్‌చెరు చుట్టూ జొన్నచేల మధ్య పొగగొట్టాలు ఒక్కొక్కటిగా లేస్తున్న ఆ రోజుల్లో, ధైర్యమనేది పుస్తకాల్లో దొరుకుతుందని నేను గట్టిగా నమ్మేదాన్ని. నాన్నకు పెద్ద కర్మాగారంలో ఉద్యోగం రావడంతో కృష్ణా జిల్లా నుంచి ఇంటిల్లిపాదీ ఇటు వచ్చేశాం. టైపు పరీక్ష పాసయ్యానన్న ఒకే ఒక్క అర్హతతో నేను బోల్టులు తయారుచేసే ఓ చిన్న ఫ్యాక్టరీ ఆఫీసులో చేరాను. ఎవరైనా పేరడిగితే చెప్పడానికే గొంతు పెగిలేది కాదు. (పగలు ఎవరితోనూ అనలేని జవాబులన్నీ ఇంటికొచ్చి డైరీలో రాసుకునేదాన్ని. అందులో నేను మహా గడుసుదాన్ని.) పక్కనున్న చిట్కుల్ ఊరి నుంచి వచ్చి బోల్టులను గోనె సంచుల్లో నింపే చిట్కుల్ అక్క ఒక్కతే మధ్యాహ్నం భోజనాల వేళ నా పక్కన కూర్చునేది. నేను వద్దనేలోపే నా గిన్నెలో జొన్నరొట్టె ముక్క వేసి, "తినకుంటే గాలికి కొట్టుకపోతవ్ బిడ్డా," అనేది.

మాట మాటకూ 'జల్దీ' అంటాడని అందరూ జల్దీ మేస్త్రీ అని పిలుచుకునే పెద్దమనిషి, ఎప్పుడూ ఏదో ఒకటి చదువుతుంటాను కదా అని, ప్రథమ చికిత్స పెట్టె నాకు అప్పగించాడు. దానితోపాటు ఒక చిన్న పుస్తకం కూడా వచ్చింది. నేను దాన్ని పద్యాల్లా కంఠస్థం చేశాను. పెట్టెకు తాళం ఉండేది. అందులోని దూది ఎప్పటికప్పుడు మాయమై, కార్తీకమాసంలో ఎవరెవరి ఇళ్లలోనో వత్తులై వెలిగేదట. ఆ తాళంచెవిని పిన్నీసుకు గుచ్చి నడుం దగ్గర పెట్టుకుని, ఎవరికీ దెబ్బ తగలకూడదని రోజూ మొక్కుకునేదాన్ని. వాళ్ల మీద జాలితో కాదు, నా మీద జాలితోనే.

ఒకరోజు భోజనం ముగించి లేస్తూ చిట్కుల్ అక్క వింతగా ఒక కేక పెట్టి పడిపోయింది. తూకం కాటా అంచు తగిలి నుదురు చిట్లింది. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి, కళ్లు పైకి తేలిపోయాయి.

"మూర్ఛ వచ్చింది, చేతుల ఇనుము పెట్టుర్రి," అన్నారెవరో. కూర పేరు దగ్గర్నుంచి మా ఊరికీ ఈ ఊరికీ అన్నిటా తేడాలే గానీ, మూర్ఛకు తాళంచెవుల వైద్యం మాత్రం రెండుచోట్లా ఒక్కటే. మేస్త్రీ స్టోరుగది తాళాల గుత్తి తీసి అక్క గుప్పిట్లో పెట్టాడు. వాచ్‌మన్ గేటు తాళంచెవి కుక్కాడు. డ్రైవరు వ్యాను తాళంచెవి పెట్టాడు. నేను కూడా వంగి నాది పెట్టాను. పుస్తకంలో ఆ ముక్క ఎక్కడా లేదు. తల నిండా పుస్తకమే, చెయ్యి మాత్రం మా అమ్మమ్మది.

నుదుటి నెత్తురు కంట్లోకి కారడం చూసి దూది కోసం పెట్టె దగ్గరకు పరుగెత్తాను. నడుం తడుముకుంటే పిన్నీసు మాత్రమే ఉంది. "బండి తియ్యి జల్దీ," అని మేస్త్రీ అంటుంటే, వ్యాను దాకా వెళ్లిన డ్రైవరు తెల్లమొహంతో తిరిగొచ్చి, "తాళం అక్క చేతులనే ఉన్నది సార్," అన్నాడు. గేటూ అంతే. ఫ్యాక్టరీ మొత్తం ఆ ఒక్క గుప్పిట్లో బిగుసుకుని ఉంది. మేస్త్రీ వేళ్లు విప్పబోతే ఒక ముసలమ్మ అడ్డుపడింది. "ముట్టకుర్రి. ఇప్పితే పానం పోతది." ఎవరికీ మళ్లీ ముట్టుకునే ధైర్యం లేకపోయింది.

అక్క వెల్లకిలా పడి ఉంది. నోట్లో నురగ, గొంతులో గురక. ఎవరో పళ్ల మధ్య పెట్టమని మేస్త్రీ చేతికి గరిటె ఇచ్చారు. పక్కకు తిప్పాలని నాకు తెలుసు. తిప్పండి అన్నాను. ఆ మాట నా చెవులకే వినపడలేదు. మళ్లీ అన్నాను, పెదాలు మాత్రమే కదిలాయి. అక్క చచ్చిపోతే అది మూర్ఛ వల్ల కాదు, నా సిగ్గు వల్లనే అనిపించింది. అప్పుడు ఎక్కడినుంచో నా గొంతు ఊడిపడింది.

"రోగిని ఒక పక్కకు తిప్పవలెను! నోటిలో ఏమియు పెట్టరాదు!"

మేస్త్రీ చేతిలో గరిటె జారిపడింది. ఆయన నన్ను ఒక్క క్షణం ఎగాదిగా చూసి, "తిప్పవలెనంట. తిప్పుర్రి జల్దీ," అన్నాడు.

తిప్పాం. నురగ బయటికి కారింది, గురక తగ్గింది. దూది లేదు గనుక నా చీర కొంగే మడతపెట్టి గాయం మీద అదిమి కూర్చున్నాను. కాసేపటికి చేతులూ కాళ్లూ నెమ్మదించాయి. గుప్పిట దానంతటదే వదులై తాళంచెవులు ఒక్కొక్కటే జారి నేల మీద మోగాయి. ముసలమ్మ మాట గుర్తొచ్చింది. అక్క ముక్కు దగ్గర చెంప ఆనించాను. వెచ్చగా ఊపిరి తగిలింది, ఉల్లిగడ్డ వాసనతో. అంత మంచి వాసన నేను మళ్లీ ఎరగను.

కాసేపటికి కళ్లు తెరిచి, పక్కన పడున్న తాళంచెవుల్ని అయోమయంగా చూసింది. "గిన్ని తాళాలేంది బిడ్డా? సేటు ఫ్యాక్టరీ నా పేర రాసిండా?"

మేస్త్రీ అటు తిరిగి రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత వ్యానులో సంగారెడ్డి ఆసుపత్రికి తీసుకెళ్లాం. దారి పొడుగునా నేను కొంగు తీయలేదు.

కుట్లు మానాక అక్క పనిలోకి వచ్చింది, మాత్రలు కొంగున కట్టుకుని. ఈలోగా ఫ్యాక్టరీలో నా పేరు 'తిప్పవలెను' అయిపోయింది. (ఫ్యాను తిప్పాలన్నా సరే, నా వంక చూసి ఆ మాటే అనేవారు.) మేనేజరు గదిలో నేను మాట రాక నీళ్లు నములుతుంటే, అక్క కిటికీ అవతల నుంచి గుప్పిట బిగించి చూపించి మెల్లగా విప్పేది.

ఇప్పుడు మా ఇంట్లో మందుల డబ్బాకు తాళం లేదు. నా గొంతు కూడా బాగానే లేస్తుంది, కాస్త ఎక్కువే అంటారు మావారు. అయినా కొత్తవాళ్ల ముందు మాట పెగలనప్పుడు నా కుడిచెయ్యి దానంతటదే బిగుసుకుంటుంది. కిటికీ అవతల ఎవరూ ఉండరు. నేనే మెల్లగా విప్పుకుంటాను.