గెడ పట్టించిన టీచరు గారు

మా ఫిజిక్స్ టీచరు గారు పోయారని మొన్న ఆదివారం పొద్దున్న రాజోలు నుంచి నా చిన్ననాటి స్నేహితురాలు ఫోన్ చేసింది. "నిద్దట్లోనే గుండె ఆగిపోయిందటే" అంది ఏడుస్తూ. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఏదీ దానంతట అది ఆగదని మాకు నేర్పిన మనిషి గురించి అంత తేలిగ్గా చెప్పేస్తే ఎలా?

"కదిలేది కదులుతూనే ఉంటుందర్రా. దొర్లే బంతి ఆగిందంటే నేల పట్టుకుందన్నమాట. ఆగిపోయిందిలే అని ఊరుకోకండి, ఆపింది ఏదో వెతకండి." మొదటి సూత్రం ఆవిడ చెప్పే తీరు అది.

బోర్డుని అరచేత్తోనే తుడిచేసేవారు. సాయంత్రానికి చీర కుచ్చిళ్ళ మీద తెల్లటి వేళ్ళ ముద్రలు ఉండేవి. కోపం వస్తే ఆవిడ గొంతు పెరిగేది కాదు, అండీలు పెరిగేవి. అవి మరీ ఎక్కువైతే హెడ్మాస్టరు గారు కూడా కుర్చీలో సర్దుకుని కూర్చునేవారు.

మా బడి వెనకే కాలవ. కొబ్బరికాయలు మోసే పడవ ఒకటి అక్కడ కట్టేసి ఉండేది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా పడవతన్ని అడిగి మమ్మల్నందరినీ, ఆడపిల్లలతో సహా, అందులోకి ఎక్కించారు. చేతికి పడవ తోసే గెడ ఇచ్చి, "నేలని వెనక్కి తొయ్యండి, నేల మిమ్మల్ని ముందుకి తోస్తుంది" అన్నారు. ఖాళీ పడవ రివ్వున కదిలింది. కాయలు నింపాక అదే తోపుకి బద్ధకంగా జరిగింది.

"బలం ఒకటేనర్రా, మోత మారింది. నెమ్మదిగా కదిలేవాళ్ళని చేతకానివాళ్ళనకండి. వాళ్ళ మీద ఎంత మోత ఉందో చూడండి."

ఈ మాట ఏ పుస్తకంలోనూ లేదు. ఆవిడ తల్లి మా ఊరి చేలల్లోనే ఊడ్పులకొచ్చి, వరి మోపులు మోసిన మనిషి.

దిగేటప్పుడు నేను తొందరపడి, ఇంకా తాడు కట్టని పడవ మీంచి గట్టు మీదకి దూకాను. పడవ వెనక్కి పోయింది. నేను నడుం దాకా బురదలో తేలాను. "మూడో సూత్రం నీకు వేరే చెప్పక్కర్లేదమ్మా" అంటూ ఆవిడే నవ్వుతూ చెయ్యిచ్చి లాగారు.

ఆ బురద మా ఇంట్లో రామరావణ యుద్ధమైంది. మాది కొబ్బరి తోటలున్న ఇల్లు. పడవలో కాయలు పంపిస్తాం గానీ గెడ పట్టం, అది కూలివాళ్ళ పని. పట్టింది ఆడపిల్ల, పట్టించింది ఊరి బయట పేట నుంచి వచ్చిన టీచరు! నాన్న నన్ను బడి మాన్పించేశారు. ఇక నా చదువు అంతేననుకున్నాను.

వారం తిరక్కుండా ఆవిడ గొడుగేసుకుని మా అరుగు మీదకొచ్చారు.

"మీ అమ్మాయి బళ్ళోకి రావట్లేదేంటండీ?"

"చదువు ఆగిపోయిందండీ. ఇంట్లో పనులున్నాయి" అన్నారు నాన్న.

"ఆయ్. చదువు దానంతటది ఆగదు కదండీ. ఎవరాపేరో కనుక్కుందామని వచ్చేనండీ."

నాన్న దూలాల వంక చూడసాగారు. లోపల్నుంచి మా నాయనమ్మ తల బయటపెట్టి, "వాడేనమ్మా ఆపేడు. ఇంకెవరాపుతారు?" అంది.

నాన్నకి పౌరుషం వచ్చింది. "అయితే మా పిల్ల చేత గెడ పట్టిస్తారా అండీ?"

"మా అమ్మ మోపులు మోసిందండీ. ఆవిడకేం తక్కువైపోలేదండీ. ఆ బరువు లెక్కే ఈ పాఠమండీ. చెయ్యి వెయ్యకుండా ఎలా తెలుస్తుందండీ?"

మర్నాడు నేను బడికి వెళ్ళాను. ఇప్పుడు అమలాపురంలో కాలేజీ పిల్లలకి అదే పాఠం చెప్పుకుని బతుకుతున్నాను. నేను తింటున్న అన్నం ఆవిడ పెట్టిందే. ఆ మాట ఆవిడతో ఎన్నోసార్లు అన్నాను, "చాల్లే, పిల్లలకి సరిగ్గా చెప్పు" అనేవారు.

సోమవారం ఆవిడని సమాధుల తోటకి తీసుకెళ్ళడానికి వ్యాను వచ్చింది. ఆవిడ దగ్గర చదువుకున్న ఆడవాళ్ళం, శవపెట్టె మేం మోస్తామన్నాం. "ఆడవాళ్ళు మొయ్యరమ్మా" అన్నారు చర్చి సంఘ పెద్ద ఒకాయన, మర్యాదగానే. నాతో వచ్చిన నాన్న నా పక్కకి జరిగి, "మన ఇళ్ళవాళ్ళు అసలే మొయ్యరు" అన్నారు మెల్లగా. నాన్న పెద్దవారైపోయారు, ఆయనంటే నాకు ప్రాణం. అయినా వినలేదు.

మొదట ఎత్తలేకపోయాం. ఒకళ్ళం ముందు, ఒకళ్ళం తర్వాత ఎత్తుతున్నాం. "అందరం ఒక్కసారేనే!" అని అరిచింది రాజోలు నుంచి వచ్చిన నా స్నేహితురాలు. అప్పుడు లేచింది. తోటల మధ్య సిమెంటు రోడ్డు, పైన ఎండ. పెట్టె అంచు భుజంలోకి దిగిపోతోంది. సగం దూరం వెళ్ళేసరికి వెనక నుంచి మగవాళ్ళు, "ఇక దింపండమ్మా, మేం పట్టుకుంటాం" అన్నారు.

ఎవరమూ దింపలేదు. భుజాలు మార్చుకుని నడిచాం.