టేపు లేని మడత

సుద్ద పట్టించిన దారాన్ని నల్లటి చెక్క మీద బిగించి, మధ్యలో రెండు వేళ్లతో ఎత్తి వదిలింది సంతోషమ్మ. సన్నటి తెల్ల గీత పడింది. బ్రష్షును రంగులో ముంచి, డబ్బా అంచుకు ఇటూ అటూ ఒత్తి, ఊపిరి బిగబట్టి మొదటి అక్షరానికి తలకట్టు తిప్పింది.

చల్లపల్లిలో ఆమెది చిన్న గిఫ్టు షాపు. భర్త హనోకు ఒకప్పుడు గోడల మీదా బస్సుల మీదా బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలొచ్చాక బ్రష్షు పక్కన పడేసి ఆటో కొనుక్కున్నాడు. అతను పడేసిన బ్రష్షు ఈమె తీసుకుంది. కూర్చోబెట్టి నేర్పినవాళ్లు లేరు. పాత బోర్డుల మీద ట్రేసింగు కాగితం పరిచి దిద్దుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఆమె రాసిన వాక్యం ఫలానా చేతిదని చూడగానే తెలుస్తుంది.

ఆ రోజు రాస్తున్నది మచ్చు పలక. మొవ్వ దగ్గర దానియేలు అయ్యగారి సంఘం కొత్త మందిరం కట్టుకుంది. ప్రతిష్ఠ రోజున ఇంటికొక పలక ఇవ్వాలని పాస్టరుగా ఆయన కోరిక. డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి ఆరాధనలో ఒక్కో కుటుంబం పళ్లెంలోంచి బైబిలు వాక్యం ఉన్న ఒక వాగ్దానం కార్డు తీసుకుంటుంది. ఆ ఏడాదంతా ఆ వాక్యం ఆ ఇంటిది. ఎవరి పలక మీద వాళ్ల వాక్యమే ఉండాలి.

అయ్యగారు మచ్చు చూసి తల ఊపారు. "బాగుందమ్మా. కాకపోతే కమిటీలో కొందరు అలేఖ్యగారి షాపులో అడుగుదామంటున్నారు. అక్కడ తొందరగా అయిపోద్దంట."

"ఎవరండీ అన్నది?"

"ఎవరైతే ఏంలే. ప్రతిష్ఠకి ముందు శనివారం సాయంత్రానికి నా చేతికొస్తే ఈ పని నీదే. రాకపోతే వాళ్ల నోరు నేను ఆపలేను."

అలేఖ్య పేరు వింటే చాలు, సంతోషమ్మకు మండేది. గుడివాడ పిల్ల. చల్లపల్లిలో పెద్ద రైతు వెంకటాద్రిగారి కోడలుగా వచ్చి, సెంటర్లో అద్దాల తలుపుల షాపు పెట్టింది. ఏసీ, పాటలు, ఫోన్లో వీడియోలు. ఆ షాపు గులాబీ రంగు సంచులు పట్టుకుని జనం సంతోషమ్మ షాపు ముందు నుంచే బస్సుకు పోతుంటారు. పుట్టినరోజుకు బొమ్మ కావాలన్నా, పెళ్లికి గడియారం కావాలన్నా ఒకప్పుడు ఈమె దగ్గరికే వచ్చినవాళ్లు. చూడకూడదనుకుంటుంది. చూస్తుంది. సంచి ఉబ్బును బట్టి లోపల ఏముందో కూడా ఊహిస్తుంది.

పలకలకు కావలసిన ఖాళీ చెక్కల కోసం సంతోషమ్మ విజయవాడలో గిఫ్టు సామాన్ల హోల్‌సేల్ ఎగ్జిబిషన్‌కు వెళ్లింది. మెళ్లో బ్యాడ్జీ వేశారు. హాలు నిండా స్టాళ్లు: ఫోటో ఫ్రేములు, మగ్గులు, దీపాల తోరణాలు. ప్రతి స్టాలు వాడూ ముందు ఆమె చీర వైపు, తర్వాత బ్యాడ్జీ వైపు చూసి, "మినిమం ఆర్డర్ ఉంటదండీ" అనేవాడు. చెక్కల స్టాలు చివరి వరసలో ఉందని కనుక్కుని అటే నడుస్తోంది.

దారిలో ఒక స్టాల్లో కుర్చీ వేయించుకుని కూర్చుని ఉంది అలేఖ్య. చేతిలో జ్యూసు గ్లాసు. ఎదురుగా గోడంతా వాక్యాల ఫ్రేములు. ప్రతి ఫ్రేము మీదా ఒక్కో వాక్యం, అచ్చు తెలుగు, బంగారు రంగు.

సంతోషమ్మ కాళ్లు ఆగిపోయాయి. కమిటీ వాళ్లు అప్పుడే ఈవిడకు చెప్పేశారన్నమాట. అందుకే వచ్చింది.

"అరె, అక్కా! మీరూ వచ్చారా? చెబితే కార్లో తీసుకొచ్చేదాన్ని కదా," అంది అలేఖ్య లేచి.

"బస్సులున్నాయిగా అమ్మా," అని, స్టాలు కుర్రాడు నితిన్ వైపు తిరిగింది సంతోషమ్మ. "బాబూ, ఈ ఫ్రేములు కార్టన్ ఎంత పడద్ది?"

"ఒక్కటే మిగిలిందండీ. మేడమ్‌గారు చూస్తున్నారు."

"చూస్తున్నారు. తీసుకోలేదుగా. నాకు రాసెయ్."

నితిన్ అలేఖ్య వైపు చూశాడు. ఆమె నవ్వేసింది. "క్రిస్మస్‌కి షాపులో పెడదామనుకున్నానంతే. అక్కకే ఇచ్చెయ్యండి."

ఆ నవ్వు ఇంకా మండించింది. సంతోషమ్మ రసీదు తీసుకుని, చెక్కల స్టాలు వైపు కూడా వెళ్లకుండా కార్టన్ మోయించుకుని బస్సెక్కింది. దారి పొడుగునా పెట్టె మీద చెయ్యి వేసే ఉంచింది. ఇన్ని వాక్యాలున్నాయి, సంఘం కుటుంబాలకు చాలా వరకు ఇందులోనే దొరుకుతాయి, మిగతావి రాసుకుంటే సరి, అనుకుంది.

ఇంటికొచ్చాక హనోకు కత్తెరతో పెట్టె కోశాడు. ఒక ఫ్రేము తీశాడు. ఇంకోటి తీశాడు. అడుగు దాకా తీశాడు. అన్నీ ఒకటే. ఇంటిల్లిపాదీ దేవుణ్ణే సేవిస్తామనే వాక్యం.

"ఇది మన గుమ్మం మీద ఉన్నదేగా!" అన్నాడు. "మీ అమ్మగారింట్లోనూ ఇదే. ఘంటసాల నించి బందరు దాకా ఇది లేని విశ్వాసి ఇల్లొకటి చూపించు, ఆటో నీ పేర రాసేస్తా."

"నోరు మూసుకోవయ్యా."

"రకాలు కలిపి ఉంటాయా, డబ్బాకి ఒకటే డిజైనా అని అడగలేదా? గాజుల డబ్బా కొన్నా పదిసార్లు అడిగేదానివి!"

స్టాలు గోడకు పెట్టేది మచ్చుకు అని, పెట్టెలో వచ్చేది ఒకటే రకమని ఈ వ్యాపారంలో అందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు. ఆ నిమిషాన అలేఖ్య చేతిలోంచి లాక్కోవడమొక్కటే కనబడింది. ఎగ్జిబిషన్ సరుక్కు వాపసు లేదు. ఫ్రేము గీకి చూసింది. ప్రింటు ప్లాస్టిక్ లోపల ఉంది, పోయేది కాదు. చెక్కలు కోయించుకుందామని బందరులో వడ్రంగికి ఫోన్ చేస్తే పెళ్లి మంచాల పనిలో ఉన్నానన్నాడు. విజయవాడలో ఎగ్జిబిషన్ ఎత్తేశారు.

"ఒకటి చెబుతా, కొట్టకు," అన్నాడు హనోకు. "సెంటర్లో ఆటో బేరం దింపుతుంటే చూశా. అలేఖ్యగారి షాపు అద్దంలో ఖాళీ చెక్కలు పేర్చి ఉన్నాయి."

ఆ పూట సంతోషమ్మకు అన్నం సహించలేదు. మర్నాడు అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది. చల్లగా ఉంది. నేల మీద దుమ్ము లేదు. అరల్లో సామాను రంగుల వరసన సర్ది ఉంది. తప్పు దొరుకుతుందేమోనని చూసింది. దొరకలేదు.

"అక్కా, రండి రండి! ఇవా? పిల్లలు బొమ్మలేసుకుంటారని తెచ్చానండీ. ఎన్ని కావాలి?"

"ఉన్నవన్నీ."

"మీకు నేను కొన్న రేటే. షాపువాళ్ల దగ్గర లాభమేంటి?"

"వద్దమ్మా. స్టిక్కర్ మీద ఎంతుంటే అంతే తీసుకో." ఆ ఒక్క ముక్కా గట్టిగానే అంది. అలేఖ్య చెక్కలను కట్టలుగా పెట్టి ఖాకీ కాగితం చుట్టడం మొదలెట్టింది.

అప్పుడు చూసింది సంతోషమ్మ. ఆ పిల్ల టేపు ముట్టుకోలేదు. కాగితాన్ని వాటంగా వేసి, ఒక మూల లోపలికి మడిచి, రెండో మూల మడతలోకి దోపి, బొటనవేలితో ఒక్క గీత గీసింది. కట్ట తలకిందులు చేసినా విడలేదు. మూలలు కత్తితో కోసినట్టు పదునుగా ఉన్నాయి. తన షాపులో ఇన్నేళ్లుగా టేపు మీద టేపు అతికిస్తూనే ఉంది. వీడియోలు చేసుకునే పిల్లకు ఈ చెయ్యి ఎక్కడిది? ఏసీకి, కారుకి పడ్డ ఈర్ష్య ఒక లెక్క. ఇది వేరు. ఈ పిల్ల పనిలోనే తనకన్నా ఒక మెట్టు పైనుంది.

ఇంటికెళ్లి కట్ట విప్పేటప్పుడు మెల్లగా విప్పింది. మడత గీతలు చూసుకుంటూ మళ్లీ వేసింది. మూల ఉబ్బింది. విప్పింది. మళ్లీ వేసింది.

"పలకలు రాస్తావా, పడవలు చేస్తావా?" అన్నాడు హనోకు.

తర్వాత రాతలో పడింది. హనోకు చెక్కలకు నల్లరంగు పూసి ఎండబెట్టాడు, ఆమె దారం కొట్టి రాసింది. వాక్యం పొడుగైతే అక్షరం తగ్గించింది, పొట్టిదైతే ఎడం పెంచింది. వంకర పోయిన చోట గుడ్డతో తుడిచి మళ్లీ రాసింది. గులాబీ సంచులు షాపు ముందు నుంచి పోతూనే ఉన్నాయి. తల ఎత్తినప్పుడల్లా ఒకటి కనబడేది.

శనివారం పొద్దు వాలకముందే ఆటో మందిరం ముందు ఆగింది. గుమ్మానికి రిబ్బన్లు కడుతున్నారు. మెట్టు మీద గులాబీ సంచి పడి ఉంది. సంతోషమ్మ దాన్ని చూసి, చూపు తిప్పుకుని, పలకలు దింపించింది. ప్రతి పలకా ఖాకీ కాగితంలో ఉంది. పైన కుటుంబం పేరు. టేపు ఎక్కడా లేదు.

అయ్యగారు ఒకటి తీసి మడత లాగారు. కాగితం చిరగకుండా విచ్చుకుంది. వాక్యం మీద వేలు పెట్టి పెదవులు కదుపుతూ చదివారు. తర్వాత కాగితాన్ని అటూ ఇటూ తిప్పారు.

"ఈ ప్యాకింగు... అలేఖ్యగారి షాపు రిబ్బన్లు కూడా ఇట్టాగే చుట్టొచ్చాయి. ఇవీ ఆవిడే చుట్టారా?"

సంతోషమ్మ మెట్టు మీది గులాబీ సంచి వైపు చూసింది. హనోకు ఆటోలోంచి ఆమెనే చూస్తున్నాడు.

"చుట్టింది నేనేనండీ," అంది. "మడత ఆవిడది."

అయ్యగారి చేతిలోంచి పలక తీసుకుని, కాగితం మళ్లీ మడిచి, మూల దోపి, బొటనవేలితో గీత గీసి ఆయనకు అందించింది. ఆయన దాన్ని మిగతావాటి మీద పెట్టి, దొంతర ఎత్తుకుని మందిరంలోకి నడిచారు.