తూకం తర్వాత వేసే ఐసు

పోయినవి లెక్కపెడితే ఇవి: కొలంబో కంపెనీ పని, నెలకు నలభై అయిదు వేల బిల్లు, చివరి నెల బిల్లు మొత్తం, ఏలూరులో బస్టాండుకు దగ్గరగా దొరికిన గది, నాతో పనిచేసిన అమ్మాయి జీతం పద్దెనిమిది వేలు. ఆ జీతం పోవడమే అన్నిటికంటే పెద్దది. కైకలూరు దగ్గర వాళ్ల నాన్నగారు కౌలుకు తీసుకున్న మూడెకరాల చేపల చెరువుకు లీజు వాయిదాలు దానితోనే కట్టేవారు.

నేను లెక్కలు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మేత దుకాణాల పద్దులు రాస్తూ పట్టుకున్నవే. ఆ శ్రీలంక కంపెనీ చిన్న పడవల వాళ్ల దగ్గర చేపలు కొంటుంది. అంతకుముందు వాళ్ల లెక్కలు ఎక్కడో దూరదేశంలో చూసేవారట. కొలంబోలో అడిగిన ప్రశ్నకు అక్కడ తెల్లారాక గానీ జవాబు వచ్చేది కాదు. మాకూ వాళ్లకూ గడియారం ఒకటే. ఫోను చేస్తే వెంటనే పలుకుతాం. అందుకే పని మాకొచ్చింది. వాళ్లు తూకం చీటీల ఫొటోలు పంపితే, ఏ పడవకు ఎంత ఇవ్వాలో మేం తేల్చి పంపేవాళ్లం.

ఒకరోజు కొలంబో నుంచి మేనేజరు ఫోను చేశారు. పడవల వాళ్లందరికీ డబ్బు తక్కువగా వెళ్తోందని, నూటికి అయిదు ఎక్కడ పోతోందని అడిగారు. అమ్మాయిని అడిగాను.

"తరుగండీ," అంది. "క్వింటాలుకి అయిదు కిలోలు తూకంలోంచి తీసేస్తాం కదండీ."

"చీటీలో ఉందా?"

"చీటీలో ఎందుకుంటదండీ? తరుగు తియ్యకుండా చేపలెవరు కొంటారు? మా నాన్నగారికి ఒక్కసారైనా వదిలారా?"

చీటీలు ఆమె చూసేది, మొత్తాలు నేను సరిచూసేవాణ్ణి. ఆ అయిదు కిలోలు నా కంటికీ తప్పుగా కనిపించలేదు. అదే అమెరికా వాళ్ల పనైతే ప్రతి గడికీ అర్థం అడిగేవాళ్లం. ఇక్కడ చేపలు మనవిలాంటివే, సముద్రం మధ్యలో కాస్తంతే ఉంది. అడగడానికి ఏముందనుకున్నాం.

కంపెనీ పడవల వాళ్లకు తేడా కట్టేసి, మా బిల్లు ఆపి, పని వెనక్కి తీసుకుంది. వాళ్లది తప్పని నేననను.

లీజుకు ఇంకా రెండు వాయిదాలు మిగిలాయి. ఆ అమ్మాయి ఊరుకోలేదు. "అక్కడ తరుగు తియ్యడం తప్పయితే, ఇక్కడెలా ఒప్పయిందండీ?" అని, నన్ను వెంటబెట్టుకుని కైకలూరులో వాళ్ల చేపలు కొనే వ్యాపారి దగ్గరికి వెళ్లింది. వాళ్ల నాన్నగారు రానన్నారు.

"చదువుకున్నావని చేపకి కూడా ఇంగ్లీషు నేర్పేలా ఉన్నావే అమ్మా!" అని వ్యాపారి నవ్వారు. నా వైపు తిరిగి, "పద్దులు రాసేవారు, మీరైనా చెప్పాలి కదండీ. నీళ్లకీ ఐసుకీ తీసేదది," అన్నారు.

"ఐసు తూకం అయ్యాక వేస్తారు కదండీ, బాబాయిగారూ," అంది ఆమె.

ఆయన టీ తెమ్మని కేకేశారు. "అందరూ తీసేదే కదమ్మా. నేనొక్కణ్ణే మానేస్తే నా లారీ ఎలా కదులుద్ది? టీ తాగి వెళ్లండి," అన్నారు. మాట కటువుగా లేదు. టీ కూడా బాగుంది.

వాయిదాలు కట్టలేక చెరువు చెయ్యి మారింది. ఇప్పుడు దాన్ని గణపవరం వాళ్లెవరో చూస్తున్నారు.

ఆ ఏడాది ఆ చెరువులో పట్టుబడి పన్నెండు టన్నులు. తరుగు ఆరు వందల కిలోలు. కిలో నూట పది రూపాయల చొప్పున అమ్మారు. వ్యాపారి దాన్ని బాకీ అని ఒప్పుకోరు, అమ్మాయి నాన్నగారూ ఒప్పుకోరు. నా లెక్కలో మాత్రం ఆయనకు ఇంకా రావాల్సింది అరవై ఆరు వేలు.