ఏడో అంశం

విశ్వవిద్యాలయంలో టైపిస్టుగా చేరిన కొత్తలో నాకొక చెడ్డ అలవాటు ఉండేది. టైపు చేసే కాగితాన్ని చదివేదాన్ని. టైపిస్టు అక్షరాలు చూడాలి గానీ అర్థం చూడకూడదని మా సూపరింటెండెంటు మందలించేవారు. అర్థం చూస్తే చెయ్యి ఆగుతుందట.

ఆయనే మా ఉద్యోగుల సంఘానికి అధ్యక్షుడు కూడా. ధర్మవరంలో మగ్గాల ఇంట పుట్టిన మనిషి, నేతకు ముందు పోగులు సర్దుకున్నట్టు, ఏ పనికైనా ముందే అల్లు పోసి పెట్టుకునే రకం. ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం, సంఘం సమావేశానికి ముందురోజు నా బల్ల మీద రెండు కాగితాలు పెట్టారు. ఒకటి ఎజెండా. రెండోది ఆ సమావేశంలో చేసిన తీర్మానాలు. రేపటి సమావేశానికి ఇవ్వాళే తీర్మానాలేమిటని అడిగాను. స్టెన్సిల్ ముందే కొట్టి ఉంచుకుంటే సమావేశమైన మర్నాడు పొద్దున్నే కాపీలు తీసి పంచవచ్చని, ఏళ్ల తరబడి ఇట్లాగే చేస్తున్నామని, ఇంతవరకు ఒక్క ముక్క మార్చే అవసరం రాలేదని చెప్పారు. ఆ చివరి మాట కాస్త గర్వంగానే అన్నారు.

ఎజెండాలో ఏడు అంశాలు. మొదటిది నాయకత్వం మార్పు. ఆయన దిగిపోయి, లెక్కల విభాగంలోని సీనియర్ అసిస్టెంటు అధ్యక్షుడు కావడం. తర్వాత ఆఫీసర్ల వైద్య ఖర్చులు, గుమాస్తాల ఇంటి అద్దె, అటెండర్ల యూనిఫారాలు, ఇట్లా హోదా వరసలో దిగుతూ వచ్చాయి. మా ఆఫీసులో టీ కూడా అదే వరసలో వచ్చేది. ఏడోది, దినకూలీ ఆడవాళ్లు కాన్పుకు వెళితే తిరిగి వచ్చేదాకా వాళ్ల పని వాళ్లకే ఉంచాలన్నది. తీర్మానాల కాగితంలో దాని ఎదురుగా, 'సమయాభావం వల్ల వాయిదా వేయడమైనది' అని ఉంది.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. బీరువాలో పాత ఫైళ్లు దింపి దుమ్ము దులిపి చూశాను. ఐదేళ్లుగా అదే ఏడో అంశం, అదే వాయిదా.

ఆ కోరిక ముఖ్యంగా ఎవరి కోసమో అందరికీ తెలుసు. మా గదులన్నిటికీ కడవతో నీళ్లు మోసే ఆమె కోసం. మొదటి కాన్పుకు కుందుర్పి దగ్గరున్న పుట్టింటికి వెళ్లి వచ్చేసరికి ఆ కడవ ఇంకొకామె చంక ఎక్కింది. చంటిబిడ్డతో ఏడాదిన్నర శెనక్కాయ చేలల్లో కూలికి తిరిగితే గానీ మళ్లీ ఈ పని దొరకలేదు. ఇప్పుడు మళ్లీ ఏడో నెల. ఆ ఏడు కరువు వచ్చి బోర్లన్నీ ఎండిపోయి, ట్యాంకు కొళాయికి తాళం వేసి తాళంచెవి ఆమెకే ఇచ్చారు. సాయంత్రం ఐదున్నరకు మమ్మల్ని టౌనుకు తీసుకెళ్లే బస్సు రేడియేటర్లో నీళ్లు పోసేది కూడా ఆమే. అవి పోయకపోతే ఆ ముసలి బస్సు గేటు కూడా దాటేది కాదు.

నా బల్ల మీద చెంబు పెడుతున్నప్పుడు ఆమెను అడిగాను, సమావేశాల్లో ఏడో అంశం గురించి ఏమనుకుంటారో ఎప్పుడైనా విన్నావా అని.

"యాడ వింటానమ్మా? ఆ పొద్దుకు నేను బస్సుకాడ ఉంటా గదా, నీళ్లు పోస్తా" అంది.

అసలు ఎవరూ ఏమీ అనుకోరనీ, ఆరోది అయ్యేసరికి బస్సు హారను కొడుతుందనీ, అందరూ లేచిపోతారనీ చెప్పాను. ఆమె చెంబు మీద మూత సరిచేసి వెళ్లిపోయింది. నేను స్టెన్సిల్ ఎక్కించి రెండు కాగితాలూ కొట్టేశాను.

మర్నాడు దండలు మారాయి. కొత్త అధ్యక్షుడు ఐకమత్యం గురించి చాలాసేపు మాట్లాడాడు. ఐదు దాటేసరికి అందరి సంచులూ ఒళ్లోకి వచ్చాయి. ఐదున్నరకు అన్ని తలలూ కిటికీ వైపు తిరిగాయి. హారను మోగలేదు. ఆరోదైన యూనిఫారాల సంగతి తేలిపోయింది. అయినా మోగలేదు. ఆరో అంశం తర్వాత ఏం చేయాలో మాలో ఎవరికీ తెలియదు. కొత్త అధ్యక్షుడు ఎజెండా తిప్పి వెనకవైపు చూశాడు. అక్కడేమీ లేదు.

ఇంతలో డ్రైవరు వచ్చి, రేడియేటరు ఎండిపోయి ఉందని, నీళ్లామె కనబడలేదని చెప్పాడు. ఆమె అతని వెనకే, గుమ్మంలో నిలబడి ఉంది. చంకలో నిండు కడవ, కొంగుకు తాళంచెవి.

"ఏమమ్మా, బస్సుకు నీళ్లు పొయ్యలేదంట?" అన్నాడు కొత్త అధ్యక్షుడు.

"పోస్తానయ్యా. ఆ ఏడోది అయిపోనీండి."

వెనక ఎవరో నవ్వబోయి మానేశారు. ఏడోదాని సంగతి ఆమె చెవిన వేసింది నేనే కదా. మా సూపరింటెండెంటు నావైపు ఒకసారి చూశారు. తర్వాత లేచి, కడవ దించి లోపలికి రమ్మని ఆమెకు చెప్పి, ఏం కావాలో ఆమెనే చెప్పమన్నారు.

"కాన్పుకు పోయొచ్చేదాకా నా కడవ ఇంకొకరికి ఇయ్యొద్దండి. అంతే" అంది.

అడ్డు చెప్పినవాళ్లు లేరు. చేతులు లేచాయి. దండలు వేయడానికి పట్టినంత సేపు కూడా పట్టలేదు.

మర్నాడు స్టెన్సిల్ మీద 'వాయిదా' అన్న చోట దిద్దే ద్రవం పూసి, ఊది ఆరబెట్టి, దానిమీద 'ఏకగ్రీవంగా ఆమోదించడమైనది' అని కొట్టాను. సరిగ్గా పడలేదు. ప్రతి కాపీలోనూ అక్కడ సిరా అలుక్కుపోయింది. సూపరింటెండెంటు ఆ కాపీలు చూసి, సమావేశం పిలిచిన అధ్యక్షుడిగా సంతకం పెట్టారు.

తీర్మానానికి విశ్వవిద్యాలయం పైవాళ్లూ ఒప్పుకున్నారు. కొడుకు పుట్టాక మూడో నెలలో ఆమె తిరిగి వచ్చింది. కడవ ఆమె పెట్టిన మూలలోనే ఉంది. ఆ కాగితం చూడాలని అడిగితే తీసి చూపించాను. చదువు రాదు. తన మాట ఎక్కడుందో అడిగి, నేను చూపిన చోట వేలు పెట్టింది.

"ఈ మచ్చేందమ్మా?"

నాకు సిగ్గు ముంచుకొచ్చింది. ముందురోజే వాయిదా అని కొట్టింది నేనే. అర్థం చదివి మరీ కొట్టాను, ఆ రోజు నా చెయ్యి ఆగనే లేదు.

"నా తప్పు" అన్నాను.